గుర్రం నెత్తురు నుంచి పాముకాటు మందు దాకా

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మధ్యాహ్నం పని ముగించుకుని కాస్త నడుం వాల్చే వేళ పాముల మాటెందుకమ్మా అని మీరనుకోవచ్చు. పట్నంలో, అందులోనూ మూడో అంతస్తులో కాపురం వుండేవాళ్ళకు పాములేమిటనీ అనిపించవచ్చు. కందిలో ఇల్లు కట్టుకునేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

కంది మీలో చాలామందికి తెలిసిన వూరే. బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు దాటి వెళ్తుంటే సంగారెడ్డి చేరే ముందే వస్తుంది. ఐ.ఐ.టి. వున్నది అక్కడే. కొత్త కాలనీలు, ఇంకా ఇళ్ళు లేవని ప్లాట్లు, వాటి మధ్య పత్తిచేలు, రాళ్ళగుట్టలు. చేనును ప్లాట్లు చేసి రాళ్ళు పాతినంత మాత్రాన అక్కడి ఎలుకలు మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోవు కదా. ఎలుకలున్నచోటికి పాములు వస్తూనే వుంటాయి.

ఒక తొలకరి సాయంత్రం, దీపాలు పెట్టే వేళ, మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూతురు, తొమ్మిదేళ్ళ పిల్ల, వాన వచ్చేట్టుందని ఇంటి వెనక కట్టెలు లోపల పెట్టబోయింది. మడమ మీద ఏదో చురుక్కుమన్నది. తండ్రి లైటు వేసి చూస్తే, ఒంటి మీద గొలుసులాంటి మచ్చలతో లావుపాటి రక్తపింజర బుసకొడుతూ కట్టెల కిందికి జారిపోయింది. తల్లి పిల్లను ఎత్తుకుని మా గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. పక్క వూళ్ళో మంత్రం వేసేవాడున్నాడని ఒకరన్నారు. కాలికి తాడు బిగించమని ఇంకొకరన్నారు. మావారు ఎవరి మాటా వినకుండా కారు తీశారు. అందరం సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం.

అక్కడ డాక్టరుగారు పిల్ల చేతినుంచి కొంచెం నెత్తురు తీసి, గాజు గొట్టంలో పోసి, కదపకుండా బల్లమీద పెట్టి గడియారం చూసుకున్నారు. ఇరవై నిమిషాలట! ఇక్కడ పిల్ల కాలు వాచిపోతుంటే ఆయన గొట్టం ముందు కూర్చున్నాడేమిటని నాకు కోపం వచ్చింది. ఇరవై నిమిషాలయ్యాక గొట్టం వంచితే నెత్తురు నీళ్ళలా జారింది. గడ్డకట్టలేదు. వెంటనే మందు తెమ్మన్నారు. నర్సమ్మ చిన్న చిన్న సీసాలు వరుసగా పెట్టి, ఒక్కొక్కదాంట్లో నీళ్ళు ఎక్కించి, అరచేతుల మధ్య మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది. గట్టిగా వూపితే తొందరగా కరుగుతుంది కదా, ఈవిడకింత తీరికేమిటని మళ్ళీ లోపల్లోపల విసుక్కున్నాను. పది సీసాల మందు సెలైన్‌లో కలిపి ఎక్కించారు.

కాసేపటికి పిల్లకు ఒంటినిండా దద్దుర్లు లేచాయి. గజగజ వణికింది. తల్లి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఇది గుర్రం నెత్తురుతోటి చేసిన మందంటనే! నా బిడ్డ ఎట్ల వణుకుతున్నదో చూడు. వద్దని చెప్పమ్మా, తీసెయ్యమను" అని ఏడ్చింది. దాచడమెందుకు, నాకూ అదే అనిపించింది. ఆపేయమని చెప్పడానికి నేను లేచాను కూడా. ఆ మాట నా నోట రాకముందే డాక్టరుగారు మందు ఆపి, తొడకు వేరే ఇంజెక్షన్ ఇచ్చి, వణుకు తగ్గాక అదే మందు మళ్ళీ మెల్లగా మొదలుపెట్టారు. తెల్లవారేసరికి పిల్ల చిగుళ్ళనుంచి కారే నెత్తురు ఆగింది. ఇప్పుడా పిల్ల బడికి వెళ్తోంది.

ఆ రాత్రి ఆయన నా మాట విని మందు ఆపేసి వుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. తెలియకపోవడం వల్ల అడగబోయిన మాట అది. అందుకని తర్వాత తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు చూసి, ఆ సీసాలో ఏముందో, దాన్ని ఎలా శుభ్రం చేస్తారో తెలుసుకున్నాను. అదే ఇవాళ మీతో చెప్పాలని.

మా పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీ అంటే ముందు గుర్తొచ్చేది వాసన. పెద్ద పెద్ద రియాక్టర్లలో రసాయనాలు కలిపి, కాచి, పొడి తీస్తారు. జ్వరం బిళ్ళ, నొప్పి బిళ్ళ అలా తయారయ్యేవే. పాముకాటు మందు అలా తయారుకాదు. దాన్ని ఒక ప్రాణి ఒళ్ళు తయారు చేసిపెడుతుంది. మనుషులు చేసేదల్లా దాన్ని నెత్తురులోంచి వేరుచేసి, శుభ్రపరచి, మనకు పనికొచ్చేలా చేయడమే. కష్టమంతా ఆ శుభ్రపరచడంలోనే వుంది.

మన ఒంట్లోకి పరాయిది ఏది వచ్చినా, రోగక్రిమి గానీ విషం గానీ, నెత్తురు దానికి సరిగ్గా సరిపోయే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. వీటినే యాంటీబాడీలంటారు. ఇవి ఒక రకం మాంసకృత్తులు. వీటి ఆకారం పంగల కర్రలా వుంటుంది. పైన రెండు కొమ్మలు, కింద ఒక పిడి. కొమ్మల కొసలు విషాన్ని గట్టిగా పట్టుకుని పనిచేయనివ్వవు. అయితే మన ఒళ్ళు ఇవి తయారు చేసుకోవడానికి రోజులూ వారాలూ పడుతుంది. పాము అంత గడువివ్వదు. అందుకని ముందే తయారైనవాటిని ఇంకొకరి ఒంట్లోంచి తెచ్చి ఎక్కించాలి. టీకాకూ దీనికీ తేడా అదే. టీకా వేయడం పిల్లకు వంట నేర్పించడం లాంటిది. ఆలస్యమైనా, నేర్చుకున్నాక తన వంట తనే చేసుకుంటుంది. యాంటీబాడీలు ఇవ్వడం కారియర్‌లో అన్నం పంపడం లాంటిది. వెంటనే ఆకలి తీరుతుంది, కానీ ఆ అన్నం కొన్నాళ్ళకు అయిపోతుంది.

ఇలా ఒకరి ఒంట్లోంచి ఇంకొకరికి రక్షణ ఇవ్వవచ్చని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే ఇద్దరు ధనుర్వాతం, కంఠసర్పి రోగాల విషయంలో చూపించారు. వైద్యంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి 1901లో బేరింగ్‌కు ఇందుకే ఇచ్చారు. తర్వాత కొద్ది సంవత్సరాలకే ఫ్రెంచి డాక్టరు కాల్మెట్ నాగుపాము విషానికి విరుగుడు తయారు చేశాడు. ఆ రోజుల్లో గుర్రం నెత్తురు మీద తేరిన నీటిని, అంటే సీరాన్ని, దాదాపు ఉన్నదున్నట్టుగా ఎక్కించేవారు. ప్రాణాలు నిలిచేవి గానీ, వారం పది రోజులకు జ్వరం, కీళ్ళనొప్పులు, దద్దుర్లు వచ్చేవి. 1905లో వియన్నాలో పిర్కే, షిక్ అనే డాక్టర్లు ఈ బాధను పరిశీలించి దానికి సీరం జబ్బు అని పేరు పెట్టారు. గుర్రం నెత్తురులో మనకు కావలసిన యాంటీబాడీలతో పాటు అక్కర్లేని గుర్రపు మాంసకృత్తులు ఎన్నో వుంటాయి. మన ఒళ్ళు వాటిని పరాయివాటిగా గుర్తుపట్టి తిరగబడుతుంది. కాబట్టి మందును మంచిది చేయాలంటే, అందులో అక్కర్లేనిదాన్ని తీసేయాలి.

ఇక ఎలా తీస్తారో చూద్దాం. మొదట విషం కావాలి. మన దేశంలో ఈ మందు తయారీకి విషం ఎక్కువగా తమిళనాడు నుంచి వస్తుంది. మహాబలిపురం దారిలో ఇరుళ జాతివారు 1978లో ఏర్పరచుకున్న పాములు పట్టేవారి సహకార సంఘం వుంది. వాళ్ళు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషాన్ని తీసి పంపుతారు.  ఆ విషాన్ని అతి కొద్ది మోతాదుల్లో, వారాల తరబడి కొంచెం కొంచెంగా పెంచుతూ గుర్రానికి ఇస్తారు. గుర్రానికి ప్రాణహాని లేకుండా, దాని నెత్తురులో యాంటీబాడీలు మాత్రం తయారవుతాయి.

అప్పుడు గుర్రం మెడలోని పెద్ద రక్తనాళం నుంచి నెత్తురు తీస్తారు. గుర్రం బరువులో కిలోకు 13 నుంచి 15 మిల్లీలీటర్లకు మించి తీయకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం పెట్టింది. నెత్తురు గడ్డకట్టకుండా చూసి కాసేపు వుంచితే ఎర్రకణాలు అడుగుకు దిగి, పైన లేత పసుపు రంగు తేట నిలుస్తుంది. అదే ప్లాస్మా. తేటను తీసుకుని ఎర్రకణాలను మళ్ళీ గుర్రానికే ఎక్కించే పద్ధతి వుంది. అలా చేస్తే గుర్రం నీరసపడదు.

తేటలో వున్న యాంటీబాడీలు పంగల కర్రలని చెప్పాను కదా. విషాన్ని పట్టేది కొమ్మలు. మన ఒళ్ళు తిరగబడేలా చేయడంలో పిడికి పెద్ద పాత్ర వుంది. ఈ పిడిని నరికేస్తే? నరకడానికి కత్తి మన పొట్టలోనే వుంది. మనం తిన్న పప్పూ మాంసమూ అరిగించే పెప్సిన్ అనే పదార్థం అది. 1930ల చివర ఇంగ్లండులో పోప్ అనే శాస్త్రజ్ఞుడు పెప్సిన్‌తో యాంటీబాడీల పిడి తీసేసి, కొమ్మలు చెడకుండా వుంచే పద్ధతి కనిపెట్టాడు. పొట్టలోలాగే ప్లాస్మాను పుల్లగా చేసి, గోరువెచ్చగా, కొలిచినంతసేపు మాత్రమే పెప్సిన్‌తో వుంచుతారు. ఎక్కువసేపు వుంచితే కొమ్మలు కూడా అరిగిపోతాయి. మన దేశంలో తయారయ్యే పాముకాటు మందు ఇప్పటికీ ఇలా పిడి తీసినదే.

తర్వాతిది మన వంటింటి పనే అనుకోండి. పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి. ముద్దను వుంచుకుని నీళ్ళు వంపేస్తాం. వెన్న కాచినప్పుడు దీనికి తిరగేసి చేస్తాం. మడ్డిని అడుగున వదిలి పైన నెయ్యి వంచుకుంటాం. మందు తయారీలోనూ ఈ రెండు దారులూ వున్నాయి. అమ్మోనియం సల్ఫేటు, అంటే రైతులు పొలంలో ఎరువుగా వేసేదే, కాకపోతే బాగా శుద్ధి చేసినది, కొలిచి కలిపితే యాంటీబాడీలు విరిగిన పాలలా ముద్దకడతాయి. ఆ ముద్దను తీసుకుంటారు. రెండో దారిలో కాప్రిలిక్ ఆమ్లం వేస్తారు. కొబ్బరినూనెలోనూ మేకపాలలోనూ వుండే ఒక కొవ్వు ఆమ్లం ఇది. మేకను లాటిన్‌లో కాప్రా అంటారు, దీని పేరూ అలా వచ్చిందే. ఇది వేస్తే అక్కర్లేని మాంసకృత్తులు మడ్డిగా దిగిపోయి, యాంటీబాడీలు నెయ్యిలా తేటలో మిగులుతాయి. యాంటీబాడీలు అసలు ముద్దకట్టవు కాబట్టి ఈ దారిలో అవి తక్కువగా దెబ్బతింటాయి.

ఇంకా లవణాలు, పెప్సిన్ ముక్కలు, చిన్నా చితకా మిగిలే వుంటాయి. వాటిని అతి సన్నని పొరల గుండా నీళ్ళతో పదే పదే కడుగుతారు. చిన్నవి పొర దాటి పోతాయి, యాంటీబాడీలు ఇవతలే నిలుస్తాయి. బియ్యం కడిగేటప్పుడు బియ్యం గిన్నెలో వుండి కడుగునీళ్ళు పోయినట్టే.

ఇంత శ్రమ ఎందుకు, ఒకసారి మరిగిస్తే క్రిములన్నీ చస్తాయి కదా అని మీరడగవచ్చు. కోడిగుడ్డు తెల్లసొన ఉడికితే ఏమవుతుందో మీకు తెలుసు. యాంటీబాడీలూ అలాంటి మాంసకృత్తులే. మరిగిస్తే ముద్దయి పనికిరాకుండా పోతాయి. అందుకని క్రిములను చంపడానికి బదులు వడకడతారు. ఆఖరి వడపోత రంధ్రాలు 0.22 మైక్రాన్లు. ఒక మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రాను. బ్యాక్టీరియా దాన్ని దాటలేవు.

కానీ ఇక్కడొక చిక్కుంది. చచ్చిన క్రిముల పెంకు ముక్కలు ఈ వడపోతను కూడా దాటగలవు. నెత్తురులోకి వెళ్తే చలిజ్వరం తెప్పించేవి ఇవే. ఇవి చేరాక తీసేయడం చాలా కష్టం. కాబట్టి మొదటినుంచీ నీళ్ళు, గిన్నెలు, గొట్టాలు, పనివాళ్ళ చేతులు, అన్నీ మడిగా వుండాలి. ప్రతి విడతనూ ఇందుకోసం పరీక్షిస్తారు. చాలాకాలం ఈ పరీక్ష కుందేళ్ళకు మందు ఇచ్చి ఒళ్ళు వెచ్చబడుతుందా అని చూడటమే. తర్వాత సముద్రంలో వుండే హార్స్‌షూ క్రాబ్ అనే పీతలాంటి ప్రాణి నీలి నెత్తురుతో చేసే పరీక్ష వచ్చింది. ఈ ముక్కలు తగిలితే ఆ నెత్తురు గడ్డకడుతుంది.

బలమూ కొలుస్తారు. మన దేశపు మందు ఒక్కో మిల్లీలీటరు నాగుపాము విషాన్ని, రక్తపింజర విషాన్ని 0.6 మిల్లీగ్రాములు, కట్లపాము విషాన్ని, చిన్న పింజర విషాన్ని 0.45 మిల్లీగ్రాములు విరిచేయాలి. ఆ తర్వాత సీసాల్లో పోసి ఎండబెడతారు. మన వడియాల్లా ఎండలో కాదు. గడ్డకట్టించి, గాలి లాగేసిన గదిలో వుంచితే మంచు నీరుగా మారకుండానే ఆవిరైపోతుంది. తెల్లని పొడి అట్టలా మిగులుతుంది. ఇలా చేసిన మందు చల్లని చోట వుంచితే కొన్నేళ్ళు చెడదు. కరెంటు పోయే పల్లె ఆసుపత్రికి కూడా ఇది పనికొచ్చేది అందుకే.

ఇప్పుడు నర్సమ్మ సంగతి అర్థమైంది కదా. ఆ పొడిని గట్టిగా వూపితే నురగ వస్తుంది. ఇంత జాగ్రత్తగా తెచ్చిన మాంసకృత్తులు ఆ నురగలో చెడతాయి. ఆవిడ తీరిగ్గా తిప్పలేదు, పద్ధతిగా తిప్పింది. నేనే తెలియక విసుక్కున్నాను.

డాక్టరుగారి గాజు గొట్టం సంగతీ చెబుతాను. రక్తపింజర విషం నెత్తురును గడ్డకట్టనివ్వదు. ఇరవై నిమిషాలకు గొట్టంలో గడ్డకట్టకపోతే విషం ఎక్కిందని నిర్ధారణ. ఆ గొట్టం గాజుదే కావాలి, పొడిగా వుండాలి, సబ్బుపొడితో కడిగినది అసలు పనికిరాదు. సబ్బు అంటినా నెత్తురు గడ్డకట్టదు మరి. కాటు పడ్డ ప్రతివారికీ విషం ఎక్కదు. విషం ఎక్కిన లక్షణాలు లేకపోతే ఈ మందు ఇవ్వరు, ఒక రోజంతా దగ్గర పెట్టుకుని చూస్తారు. అలాంటప్పుడు "మందెందుకు వెయ్యరు?" అని మనం పోట్లాటకు దిగకూడదు.

ఇంత శుభ్రపరచినా పిల్లకు వణుకెందుకు వచ్చింది? మనం తీసేసింది గుర్రపు ఇతర మాంసకృత్తులను. మిగిలినవి యాంటీబాడీ కొమ్మలే అయినా, అవీ గుర్రానివే. పైగా ఆ గుర్రం గడ్డి, దుమ్ము, తన జీవితకాలంలో తగిలిన క్రిములు, అన్నిటికీ యాంటీబాడీలు తయారు చేసుకుని వుంటుంది. పాము విషానికి పనికొచ్చేవి వాటిలో కొద్ది భాగమే. అందుకే పది సీసాలు కావలసి వస్తుంది, అంత మందు ఎక్కితే కొందరి ఒళ్ళు తిరగబడుతుంది. దద్దుర్లు, దురద, వణుకు, వాంతి, ఆయాసం రావచ్చు. దానికి ఎడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా పెట్టుకునే మందు మొదలుపెడతారు. పూర్వం చర్మం కింద చుక్క వేసి చూసేవారు. ఎవరికి పడదో ఆ పరీక్ష సరిగా చెప్పలేదని తేలి మానేశారు. మందు పడలేదని కాసేపు ఆపినా, తగ్గాక మళ్ళీ ఎక్కించాల్సిందే. విషానికి వేరే విరుగుడు లేదు.

ఆ తల్లి ఇంకో మాట అడిగింది. "చిన్నపిల్ల గదా సారూ, సగం చాలదా?" అని. పాము పిల్లనూ పెద్దనూ చూసి విషం తగ్గించి వెయ్యదు కదండీ. మందు కొలత మనిషి బరువును బట్టి కాదు, విషాన్ని బట్టి. పిల్లకైనా పెద్దకైనా ఒకటే లెక్క.

ఈ మందుకు లోటు లేదని చెప్పను. విషం ఒక ప్రాంతం నుంచే ఎక్కువగా వస్తుంది గానీ, అదే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుందని బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో జరిగిన పరిశోధనలు చూపించాయి. అంటే ఒకచోట చక్కగా పనిచేసే మందు మరోచోట ఎక్కువ సీసాలు అడగవచ్చు. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ప్రచురించిన లెక్క. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెటూళ్ళవారే. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఒక ప్రణాళిక ప్రకటించింది.

ఈ విద్య మన హైదరాబాదుకు కొత్తది కాదు. కొత్తూరు దగ్గర తిమ్మాపూర్‌లో విన్స్ బయోప్రొడక్ట్స్ వారు పాముకాటు మందు తయారు చేస్తున్నారు. కోవిడ్ వచ్చినప్పుడు గుర్రాల్లో ఆ వైరస్‌కు యాంటీబాడీలు తయారు చేసి శుద్ధి చేసే ప్రయత్నాలు ఇక్కడే రెండు జరిగాయి. ఒకటి భారత వైద్య పరిశోధన మండలి, బయొలాజికల్ ఇ సంస్థ కలిసి 2020లో ప్రకటించినది. రెండోది విన్స్ వారు హైదరాబాదు విశ్వవిద్యాలయం, సి.సి.ఎం.బి.లతో కలిసి చేసినది.

గుర్రంతో పనిలేకుండా ఒకే రకం యాంటీబాడీలు కావాలంటే మరో దారి వుంది. 1975లో ఇంగ్లండులో కోలర్, మిల్‌స్టీన్ అనేవాళ్ళు, ఒకే కణం నుంచి పుట్టిన కణాలను పెంచి, అవన్నీ ఒకే యాంటీబాడీని తయారు చేసేలా చూశారు. 1984లో నోబెల్ బహుమతి వచ్చింది. 2007లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వారు రిటుక్సిమాబ్ అనే ఇలాంటి యాంటీబాడీని, ఒక రకం రక్తపు క్యాన్సర్‌కు వాడేదాన్ని, విదేశీ మందుకంటే చవకగా రెడిటక్స్ పేరుతో తెచ్చారు. ఈ మందులను శుద్ధి చేయడానికి వాడే ముఖ్యమైన పదార్థం ఎక్కడిదో తెలుసా? సెగ్గడ్డలు లేపే ఒక బ్యాక్టీరియా పెంకులోది. ప్రొటీన్ ఎ అంటారు. అది యాంటీబాడీల పిడిని పట్టుకుంటుంది. దాన్ని పూసల్లాంటి గింజలకు అంటించి గొట్టంలో నింపి, కణాలు పెంచిన ద్రవాన్ని పోస్తే యాంటీబాడీలు మాత్రమే అతుక్కుంటాయి, తక్కినవి కారిపోతాయి. తర్వాత కొంచెం పుల్లని ద్రవం పోస్తే యాంటీబాడీలు వదిలి వస్తాయి. పాముకాటు మందులో పిడి నరికేస్తాం, ఇక్కడ పిడి పట్టుకునే లాగుతాం. పాము విషానికి కూడా ఇలాంటి మందు కోసం శాస్త్రజ్ఞులు పాటుపడుతున్నారు.

పాము సంగతి అటుంచినా, ఈ యాంటీబాడీలు మన ఇళ్ళల్లో రెండుచోట్ల తప్పక ఎదురవుతాయి. ఒకటి కుక్కకాటు. పిల్లవాడికి గాటు పడి నెత్తురు వస్తే, ముందు సబ్బుతో ధారగా పదిహేను నిమిషాలు కడగండి. ఆసుపత్రిలో టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో ఇంజెక్షన్ పొడుస్తారు. "రెండూ ఒకటే కదా, ఎందుకు పొడవడం?" అని వద్దనకండి. ఆ రెండోది సిద్ధాన్నం, టీకా పనిచేసేదాకా కాపాడేది. రెండోది కాన్పు. తల్లి రక్తం నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయిన 72 గంటల్లోపల తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. రాబోయే బిడ్డను కాపాడేది అదే. ఇది కూడా శుద్ధి చేసిన యాంటీబాడీయే, గుర్రానిది కాదు, మనిషిది. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అనే ఆయన దీనికోసం తన జీవితంలో 1,173 సార్లు రక్తం, ప్లాస్మా ఇచ్చి, 2025లో కన్నుమూశారు. మీ ఇంట్లో కోడలో కూతురో గర్భవతి అయితే బ్లడ్ గ్రూపు చీటీని నగల డబ్బాలో పెట్టినంత భద్రంగా పెట్టుకోండి.

చివరగా పాము కరిచినప్పుడు చేయవలసినవి చెప్పి ముగిస్తాను. కొయ్యకండి, పీల్చకండి, తాడు బిగించకండి. కాలో చెయ్యో విరిగితే కట్టినట్టు కదలకుండా చూడండి. గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు వెంటనే తీసేయండి, వాపు వస్తే అవి కోసుకుపోతాయి. పామును వెంటాడి చంపే పని పెట్టుకోకండి. కాటు పడిన వేళ గుర్తుపెట్టుకుని 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో బయలుదేరండి. నేల మీద పడుకున్న పిల్ల రాత్రిపూట కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతున్నాయంటే అజీర్ణమనుకోకండి. కట్లపాము కాటు నొప్పి తెలియనివ్వదు, మచ్చ కనిపించనివ్వదు. దోమతెర పరుపు కిందికి దోపుకుంటే దోమలనుంచే కాదు, దానినుంచీ రక్షణ. మీ ఇంట్లో పనిచేసేవాళ్ళకు, వాచ్‌మన్ కుటుంబానికి ఈ నాలుగు మాటలూ చెప్పండి. పాము వాళ్ళ గుడిసె దాటాకే మన మూడో అంతస్తు మెట్లెక్కాలి కదా.

మొన్న ఆ పిల్ల తల్లితోపాటు మా ఇంటికొచ్చి గుర్రాలు ఎక్కడుంటాయమ్మా అని అడిగింది. కొత్తూరు వైపు వుంటాయని చెప్పాను. "నేను పెద్దయినాక పోయి చూస్తా" అన్నది. గుర్రం నెత్తురని ఆ రాత్రి ఏడ్చిన తల్లి, "నన్ను గూడ తీస్కపో బిడ్డా" అని నవ్వింది.